పాటకు కూలి

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు వేలూరులో మా ఆఫీసుకు టీ వచ్చింది. రోజూ వచ్చే టీయే. తెచ్చిన మనిషి గ్లాసులు బల్ల మీద పెడుతూ, "గుడియాత్తంలో రాళ్ళవాన పడతా ఉండాదంట సార్. మా బావమరిది ఇప్పుడే ఫోన్ చేసినాడు" అన్నాడు. మా కిటికీ బయట కత్తిరి ఎండ, నడివేసవి ఎండ, కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

నా ఎదురు బల్ల దగ్గర కూర్చున్నతను టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "అన్నా, రేపట్నించి నిచ్చెన్లే మనకి. ఆ జారే చెప్పులు మార్చుకో" అన్నాడు.

మాది నష్టం అంచనా వేసే చిన్న ఆఫీసు. గాలికి కూలిన గోడ, మంటల్లో కాలిన అంగడి, నీళ్ళు చేరిన గోడౌను ఏదైనా సరే, బీమా కంపెనీ మమ్మల్ని పంపుతుంది. మేము చూసి, కొలిచి, దాన్ని మళ్ళీ మునుపటిలా చేయడానికి ఎంతవుతుందో రాసిస్తాం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీరు డ్రోన్ ఎగరేసి, కిందే నిలబడి, మిద్దె మీద ఎన్ని పెంకులు పగిలాయో ఫోన్‌లో చూసుకుంటున్నారు. మాకు ఆ సౌకర్యం లేదు. పైగా నాకు ఎత్తు పడదు. మిద్దె అంచుకు పోతే కాళ్ళు నా మాట వినవు. అందుకని అతను ఎక్కేవాడు, నేను రాసేవాడిని. వయసులో నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే రాస్తాను.

తమ్ముడు పోయిన ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, చనిపోయాడు. గుడియాత్తం మిద్దె సంగతి రాయమని చాలాసార్లు అడిగాడు. నేను తన మాటలు సరిగ్గా రాస్తానో లేదో చూడాలని అతని సరదా. ఇప్పుడు తప్పులు పట్టేవాడు లేడు కాబట్టి మరింత జాగ్రత్తగా రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే గుడియాత్తం బస్సెక్కాం. రాళ్ళవాన నష్టాలు చూసేటప్పుడు మీకు మొదట ఎదురయ్యేది రాయి సైజు. మొదటి వీధిలో నిమ్మకాయంత పడిందన్నారు. రెండో వీధికి అది కోడిగుడ్డంత అయింది. మార్కెట్ పక్క వీధిలో ఒకాయన రెండు చేతులూ చాచి చూపించాడు. తమ్ముడు ఆ చేతుల మధ్య ఖాళీని చూసి, "అంతది పడింటే నువ్వు ఈడ నిలబడి మాట్లాడతా ఉండవప్పా" అన్నాడు. ఆయన నొచ్చుకోకుండా చేతులు కొంచెం దగ్గరికి తెచ్చాడు.

నేత వీధిలో అసలు ఇల్లు ఉంది. నేతపని చేసే దంపతులది. ఇద్దరికీ యాభై దగ్గర పడ్డాయి. ముందు హాలులో నాలుగు గుంట మగ్గాలు. కింద గొయ్యిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవి. రెండింటి మీద వాళ్ళిద్దరూ, మిగతా రెండింటి మీద వాళ్ళ అన్నదమ్ముల పిల్లలూ లుంగీలు నేస్తారు. మేము లోపలికి అడుగు పెట్టేసరికి భర్త ఒక గొయ్యిలోంచి బిందెతో నీళ్ళు తోడుతున్నాడు.

"రాండి సార్. ఇంగ మగ్గం యాలా, ఈ గుంటలో చేపలు పెంచుకుంటే పోతుందని అనుకుంటా ఉండాం" అన్నాడు.

భార్య మమ్మల్ని చూడగానే పక్కింటికి పరుగెత్తింది. స్టీలు గ్లాసు ఒకటి చేత్తో మూసి పట్టుకుని తెచ్చింది. ఆఫీసరు వస్తే చూపించాలని వడగళ్ళు ఏరి పక్కింటి ఫ్రిజ్‌లో దాచిందట. ఫ్రిజ్‌లో దాచింది నిజమే. కానీ గాలివానకు కరెంటు పోయి, రాత్రంతా రాలేదు.

గ్లాసు నా ముందు పెట్టి, "సాక్ష్యం సార్" అంది. అందులో నీళ్ళున్నాయి.

తమ్ముడు బస్సులో ఎండకు బాగా అలసిపోయి ఉన్నాడు. థాంక్స్ అమ్మా అని గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. ఆమె నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. మగ్గం గొయ్యిలో ఉన్న భర్త నవ్వాపుకోలేక బిందె వదిలేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు మా ఆఫీసులో ఎవరైనా నీళ్ళడిగితే సాక్ష్యం తెమ్మంటారా అని అడిగేవాళ్ళు.

నవ్వులు అయ్యాక తమ్ముడు పైకెక్కాడు. దిగి వచ్చేసరికి అతని ముఖం మారింది.

ఆ మిద్దె పాతకాలపుది. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుక, ఆపైన సున్నంలో ఇటుక ముక్కలు కలిపి కొట్టిన గట్టి పొర, అన్నిటి పైన సన్నటి పలక పెంకులు. రాళ్ళ దెబ్బకు హాలు మీది పెంకులు ముప్పాతిక భాగం చితికిపోయాయి. కింద సున్నపు పొర కూడా చిట్లింది. దాన్ని తీసేసి మళ్ళీ వేయాలి. దూలాలు మాత్రం చెక్కుచెదరలేదు.

భర్త అంతకుముందే ఇద్దరు కంట్రాక్టర్లను పిలిచి అడిగాడు. ఒకాయన మొత్తం కూలగొట్టి సిమెంటు స్లాబు వేద్దామన్నాడు. దానికి నెలల తరబడి మగ్గాలు బయట పెట్టాలి. ఖర్చు ఆ ఇంటి విలువకు దగ్గరగా ఉంది. ఇంకొకాయన పైన నల్లటి షీటు అతికిస్తానన్నాడు. అది చవకే. కానీ ఆ షీటు ఎండను పట్టి లోపలికి దించుతుంది. హాలు పొడిగా కాగిపోతే నూలు పోగులు తెగుతాయి. పోగు తెగే చోట నేత సాగదు.

"ఏమన్నా చేయండి సార్, ఆడి గాలీ వానా వచ్చేలోపల చేయండి" అన్నాడు భర్త. "కట్టెల అంగడాయన వచ్చి మగ్గం కొయ్యలు చూసి పోయినాడు. మా తమ్ముడు ఆంబూరు షూ కంపెనీలో ఉండాడు, నన్నూ రమ్మంటా ఉండాడు. పోతే నెల జీతమే, నేను కాదన్లేదు. కానీ ఈ వయసులో నాకు షూ అంటిస్తూ నిలబడేకి కాళ్ళు రావు. గుంటలో కూర్చోని కూర్చోని ఇట్లయిపోయినాయి."

వాళ్ళకు కావలసింది ఒకటే. వానలకు ముందు ఆ హాలు కారకుండా, చల్లగా నిలబడాలి. మగ్గాలు అక్కడే ఉండాలి.

బీమా పత్రం ప్రకారం ఉన్నది ఉన్నట్టుగా బాగు చేసి ఇవ్వాలి. అంటే సున్నపు మిద్దెను సున్నపు మిద్దెగానే. ఇక్కడే నా పెన్ను ఆగిపోయింది. కంపెనీ ఇచ్చిన రేట్ల పుస్తకంలో సిమెంటు ఉంది, షీటు ఉంది, రకరకాల రంగులు ఉన్నాయి. మిద్దె కొట్టడం, అంటే తడి సున్నాన్ని కొయ్యలతో కొట్టి గట్టిపరిచే పని, మాత్రం అందులో లేదు. రేటు లేని పనికి అంచనా రాయలేం. వేలూరు తిరిగొచ్చి కంపెనీ అధికారిని కలిశాను. ఆయన తమిళుడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి, నియమం తప్పని మనిషి. ఆయన మాటలు నేను తెలుగులోనే రాస్తున్నాను.

"పుస్తకంలో లేకపోతే పని చేయించి చూపించండి. ఒక మూల పదడుగుల చదరం చాలు. ఎంత సామాను, ఎందరు కూలీలు, ఎంతసేపు అని నా కళ్ళతో చూస్తాను. ఆ లెక్క మీద మొత్తానికి మంజూరు చేస్తాను. మంజూరు కాకముందు అంతకు మించి ఒక్క పెంకు కదలకూడదు" అన్నాడు.

"మిద్దె కొట్టేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?" అని బయటికొచ్చాక తమ్ముణ్ణి అడిగాను.

అతను తల గోక్కున్నాడు. "మా ఇంట్లో ఉండాది ఒకామె" అన్నాడు.

వాళ్ళమ్మ గుడియాత్తం చివర కాలనీలో ఉండేది. చర్చి పక్కన చిన్న ఇల్లు. డెబ్బై దాటినా గొంతు మాత్రం ఖంగున మోగేది. పెళ్ళికి ముందు నుంచీ మిద్దెలు కొట్టిన మనిషి. మేము వెళ్ళి ఇంటి గుర్తులు చెప్పగానే గుర్తుపట్టింది.

"నేత వీధిలో, బావి పక్క ఇల్లా? ఆ మిద్దె మేము కొట్టిందే నాయనా. నాకింకా పెండ్లి కాలేదు అప్పటికి. మా కాలనీవాళ్ళని ఇంట్లోకి రానీరు గదా, వెదుళ్ళతో ఎక్కేదానికి సారం కట్టి బయటి పక్కనుంచే ఎక్కించినారు. ఆపక్కనుంచే దిగినాము. పది దినాలు దాని తల మింద కూర్చుంటిమి, దాని ముఖం చూడలేదు."

పనికి కావలసినవి చెప్పమన్నాను. కాలనీలో తనతో పనిచేసిన మరో ఇద్దరు పెద్దవాళ్ళను కేకేసి పిలిచింది. సున్నం, ఇటుక ముక్కలు ఎంత కలపాలో ముగ్గురికీ ఒకే మాట. మీద చల్లే నీళ్ళ దగ్గర తగువు మొదలైంది. కరక్కాయ నానబెట్టి, బెల్లం కలిపి, ఆ నీళ్ళు చల్లుతూ కొట్టాలి. బెల్లం ఎంత?

"కుండకి రెండు అచ్చులు."

"రెండా? చీమలకి పెండ్లి చేస్తావా? ఒకటి చాలు."

"నువ్వు ఒకటి వేసినావు కాబట్టే ఆ మార్కెట్టు మిద్దె కారింది."

"అది కారింది నీ వైపు!"

చివరికి మూడు చెంబుల్లో మూడు రకాలుగా కలిపి, ముగ్గురూ రుచి చూసి, మూడూ తప్పే అని తేల్చారు. తర్వాత అన్నీ ఒకే కుండలో పోసి ఇదే సరైంది అన్నారు. నేను రెండచ్చులు అని రాసుకున్నాను.

కూలి సంగతి వచ్చింది. "కొట్టేదానికి ఒక కూలి. పాడేదానికి ఒకటిన్నర" అంది తమ్ముడి తల్లి.

"పాడేదెవరమ్మా?"

"నేనే."

"మరి నువ్వు కొట్టవా?"

"కొడితే పాడేదెవురు?"

తమ్ముడు నా వైపు చూశాడు. చిక్కు అర్థమైంది. నష్టం అంచనా వేసేవాళ్ళ ఇంటి మనిషికి ఆ అంచనాలోంచే కూలి. అది కూడా పాటకి.

"అమ్మా, నువ్వు ఊరికే పాడు. మాట వస్తుంది" అన్నాడు తమ్ముడు.

"యాల ఊరికే? నా కొడుకు ఆపీసులో కూర్చుంటే నా గొంతుకి కూలి లేకుండా పోతుందా? నువ్వు తల కొట్టుకున్నా సరే, ఒకటిన్నర."

నేను అప్పుడే తేల్చేశాను. ఈ అంచనా మీద సంతకం నాదొక్కటే. తమ్ముడు కొలతలు పట్టడం తప్ప ఇంకేమీ చేయకూడదు. అధికారికి కూడా ఆ సంగతి ముందే చెప్పాను. ఆయన "పాటకా?" అని మాత్రం అడిగాడు.

ఒక చదరం కొట్టి చూపించడానికి రోజు ఖాయమైంది. మేము అధికారితో కలిసి ఆయన జీపులో గుడియాత్తం చేరుకున్నాం. నేత వీధి మలుపులోనే శబ్దం వినిపించింది. ఒక్కసారిగా చాలా చెక్కలు కలిసి పడుతున్న చప్పుడు. మధ్యలో ఒక గొంతు. ఒక మూల చదరం కొట్టడానికి నలుగురైదుగురు చాలు.

ఆ ఇంటి మెట్లు లోపలే ఉన్నాయి. గోడ పట్టుకుని ఎక్కాను. పైకి చేరి చూస్తే పగిలిన పెంకు ఒక్కటీ లేదు. పాత పొర లేదు. మిద్దె మొత్తం తెల్లగా, తడిగా, కొత్త సున్నం. ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు వరుసలు కట్టి గొంతుక్కూర్చుని, చేతి కొయ్యలతో కొడుతూ ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతున్నారు. ఆ వరుసల్లో ఇంటావిడ కూడా ఉంది. గోడ నీడలో కుండ పక్కన తమ్ముడి తల్లి కూర్చుని పాడుతోంది.

*రాళ్ళవాన కొట్టినాది, కొట్టనీ!*
*మనమూ కొడతాము, కొట్టనీ!*
*ఆపీసరు వచ్చినాడు, రానీ!*
*లెక్కబెట్టి పోతాడు, పోనీ!*

ప్రతి పంక్తి చివరి మాటా అందరూ అంటారు. ఆ మాట మీదే కొయ్యలన్నీ పడతాయి. అధికారి మెట్ల మీద నుంచి తల ఎత్తేసరికి ఆమె మూడో పంక్తిలో ఉంది. అది ముందే కట్టుకున్న పాటో, ఆయన్ని చూసి కట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అధికారి మిద్దె నాలుగు మూలలూ చూశాడు. "నమూనా చదరం ఏది?" అన్నాడు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఇదే సార్. కొంచెం పెద్దదైపోయింది."

"నేను ఒక మూల అన్నాను."

తల్లి పాట ఆపి తమిళంలోకి మారింది. ఆ ఊళ్ళో అందరూ అలా ఒక గడపలోంచి ఇంకో గడపలోకి నడిచినట్టు మారిపోతారు. "మూల మాత్రం ఎట్ల కొడతాం సామీ? సగంలో ఆపితే అతుకు పడుతుంది. అతుకు పడినకాడ కారుతుంది. మిద్దె మొదలుపెడితే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోవాల్సిందే. మాకు ఒక మూల కొట్టేది తెలీదు."

నిజంగా జరిగిందీ అదే. ఒక చదరం సిద్ధం చేసి పెట్టడానికి ముందుగానే వచ్చారు. కొట్టడం మొదలుపెట్టాక వాళ్ళ చేతులకు ఆగడం తెలియలేదు. ఇంటాయన అప్పు చెప్పి సున్నం బండి తెప్పించాడు. కాలనీలో కొయ్య పట్టడం తెలిసిన ప్రతి ఆడమనిషీ వచ్చేసి, పాత అలవాటుగా పక్క గోడకు సారం కట్టుకుని బయటినుంచే ఎక్కింది. మూడు రోజులుగా సాగుతోంది. మాకు ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు. తెలిసిన పని, చేస్తున్నారు. అంతే.

అధికారి నా వైపు తిరిగాడు. "మంజూరు లేకుండా పని చేస్తే నేను డబ్బు ఇవ్వలేను. మీకు తెలుసు."

ఇంటాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూడలేక నేను సున్నం వైపు చూశాను. నాకు వాదించడం రాదు. ఉన్న మాటే చెప్పాను. "సార్, నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత అని మీ పత్రంలోనే ఉంది. వాన వచ్చి ఉంటే దూలాలు కూడా పోయేవి. పగిలిన పెంకులన్నీ పెరట్లో కుప్ప పోశారు. నష్టం ఫొటోలు నా దగ్గర ఉన్నాయి."

ఆయన చెప్పులు విప్పి అంచు మీద కూర్చున్నాడు. నేను మిద్దె నడిమధ్యలో, రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చున్నాను.

"ఎవురీ అయ్య?" అంది ఒకామె నన్ను చూసి. "మిద్దె మింద కూడా బస్సులో కూర్చున్నట్ల కడ్డీ కోసం వెతుక్కుంటా ఉండాడే."

"మా అన్న" అన్నాడు తమ్ముడు. "భూమ్మిందే పుట్టినాడు, భూమ్మిందే ఉంటాడు."

అందరూ నవ్వారు. అధికారి కూడా కొంచెం నవ్వాడు. తర్వాత అన్నాడు, "సరే. సున్నం అర్థమైంది, కూలి అర్థమైంది. ఆ పాట ఖర్చు మాత్రం నాకు అర్థం కాలేదు. పాట ఆపి కొట్టండమ్మా, చూద్దాం."

తల్లి నోరు మూసుకుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొట్టడం మొదలైంది. మొదట నాలుగైదు దెబ్బలు కలిసే పడ్డాయి. తర్వాత ఒకామె ముందు, ఒకామె వెనక. ఒక వరుస ముందుకొచ్చింది, ఇంకో వరుస ఆగిపోయింది. సున్నం ఒక చోట గుంటపడి ఒక చోట ఉబ్బింది. ఎవరి వేలి మీదో ఎవరి కొయ్యో తగిలింది. "నీ కండ్లు యాడ పెట్టుకున్నావు?" "నీ మొగుణ్ణి చూస్తా ఉండా!" అని ఒకటే గోల. పనికంటే నవ్వు ఎక్కువైపోయింది.

అధికారి చేయి ఎత్తాడు. "పాడండమ్మా" అన్నాడు.

ఆమె కొంగు తీసి, ముందు కుండలో నీళ్ళతో నోరు పుక్కిలించి, తీరికగా మొదలుపెట్టింది. రెండో పంక్తికి దెబ్బలు మళ్ళీ ఒకటయ్యాయి.

అప్పుడే గాలి తిరిగింది. పడమటి పక్క కొండల మీద నుంచి మబ్బు వస్తోంది. "మళై వరుదు!" అంటూ, వాన వస్తోందని కింద వీధిలో ఎవరో తమిళంలో అరిచారు.

కొత్త సున్నం మీద వాన పడితే మూడు రోజుల పని పాలలా కారిపోతుంది. ఇంటాయన మెట్ల మీద నుంచి వీధిలోకి కేకేశాడు. ఆ వీధిలో టార్పాలిన్లు లేవు. ఉన్నవి ఫ్లెక్స్ బ్యానర్లు. వేడుక అయిపోయాక వాటిని ఎవరూ పారేయరు. కట్టెల మీద, బండ్ల మీద కప్పుకుంటారు. ప్రతి ఇంటి నుంచీ ఒకటీ రెండూ వచ్చాయి. మెట్ల నిండా చుట్టిన బ్యానర్లు పైకి వస్తున్నాయి. ఎవరో నాయకుడి పుట్టినరోజు. ఎవరిదో చెవులు కుట్టే వేడుక. ఒక బిర్యానీ అంగడి ప్రారంభం.

"ఆ బిర్యానీని ఈ మూలకి లాగండి!"

"ఈ పక్క నాయకుడు చాలడం లేదే, పొట్టిగా ఉండాడు!"

"ఆయప్ప పక్కన చెవులు కుట్టే పాపను వేయండి!"

వాన దిగింది. పెద్ద చినుకులు. గాలికి బ్యానర్లు లేస్తుంటే అందరం తలా ఒక అంచు మీద నిలబడ్డాం. అధికారి నాయకుడి మీసం మీద నిలబడి, పక్క అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ అంచుకు అవతలి కొస తమ్ముడి తల్లి చేతిలో ఉంది. నేను కూడా నిలబడ్డాను. మిద్దె అంచుకు నాకూ మధ్య రెండడుగులు కూడా లేవు. ఆ సంగతి వాన ఆగాక గమనించాను.

తడిసి ముద్దయిపోయి, ఎవరూ అంచు వదలకుండా, ఆ ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు మళ్ళీ పాట అందుకున్నారు. కొట్టడానికి ఏమీ లేదు. అయినా పాడారు. తమ్ముడు అందరికంటే గట్టిగా, శ్రుతి లేకుండా పాడాడు. "నువ్వు ఆపురా, వాన జాస్తి అవతా ఉండాది" అంది వాళ్ళమ్మ.

వాన ఎంతోసేపు లేదు. బ్యానర్లు తీసి చూస్తే సున్నం చెక్కుచెదరలేదు. ఒక మూల మాత్రం బిర్యానీ అంగడి ఫోన్ నంబరు తిరగబడి అచ్చు పడింది. దాన్ని కొట్టి చదును చేశారు. అధికారి చొక్కా పిండుకుంటూ నాతో అన్నాడు, "అంచనా రాయండి. నష్టం పెరగకుండా చేసిన పని అనే పద్దు కింద రాయండి. నేను చూశానని రాయండి."

"పాట?"

"దాన్నీ రాయండి. ఒకటిన్నర అన్నారు కదా."

మొత్తం ఖర్చు స్లాబు కంట్రాక్టరు చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు. సున్నం కంటే, ఇటుక కంటే, కావేరిపాక్కం దగ్గర కూలగొట్టిన పాత ఇంట్లోంచి తెచ్చిన పలక పెంకుల కంటే కూలి పెద్ద పద్దు. అందులో పాట ఒక పంక్తి. ఆడిటువాళ్ళు ఊహించినట్టే ఆ పంక్తి కింద గీత గీసి పంపారు. నేను జవాబు రాశాను. పాట లేకపోతే దెబ్బ కలవదు, దెబ్బ కలవకపోతే పని రెట్టింపు రోజులు పడుతుంది, కాబట్టి పాట వల్ల ఖర్చు తగ్గింది. కింద అధికారి ఒక వాక్యం చేర్చాడట: పాట ఆపి చూశాను. డబ్బు వచ్చింది. ఇంటాయన సున్నం అప్పు తీర్చేశాడు. కట్టెల అంగడాయన మళ్ళీ రాలేదు.

పెంకులు అతికించి, పొర ఆరాక నీళ్ళ పరీక్ష పెట్టాం. మిద్దె మీద నీళ్ళు నిలవ ఉంచి, కింద ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడాలి. అధికారి వచ్చాడు. తమ్ముడు తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆమె ఇంటి ముందుకొచ్చి అలవాటుగా పక్క గోడ వైపు, సారం కట్టిన వైపు నడిచింది.

"ఆ పక్క యాడికి పోతా ఉండావు పెద్దమ్మా? ఇట్ల లోపలికి రా" అంది ఇంటావిడ.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికొచ్చింది. ఇంటావిడ మగ్గం గుంట పక్కన చాప పరిచింది. తల్లి కూర్చుని, తల పైకెత్తి దూలాలను, వాటి మధ్య ఇటుక వరుసలను చాలాసేపు చూసింది. పైన నీళ్ళు నిలబడి ఉన్నాయి. కింద పొడిగా, చల్లగా ఉంది. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి.

"ఇదా దీని కడుపు" అంది. ఇంకాసేపు చూసి, "బాగుండాది" అంది.

తమ్ముడు ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. అతను జోకు మానుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ రేటుతో మేము మరో మూడు నాలుగు పాత మిద్దెలు చేయించాం. ప్రతిసారీ వాళ్ళమ్మే పాడింది. ప్రతిసారీ ఒకటిన్నర తీసుకుంది. తర్వాత ఆమె పోయింది. ఆమెతో కొట్టినవాళ్ళు కొందరు పోయారు, కొందరు కొయ్య పట్టలేని వయసుకు వచ్చారు. వాళ్ళ కూతుళ్ళు ఆంబూరు కంపెనీలకు పోతున్నారు. అక్కడ నీడ ఉంది, నెల జీతం ఉంది. అది మంచిదే. నేత వీధి మిద్దె ఇంకా కారడం లేదు. కిందటి నెల వెళ్ళి చూసొచ్చాను. రెండు మగ్గాలు నడుస్తున్నాయి. ఇంటావిడ గ్లాసుతో నీళ్ళిచ్చి, "సాక్ష్యం సార్" అంది. నేను తాగాను. ఇద్దరం ఒకే మనిషిని తలుచుకుని నవ్వాం.

గుడియాత్తంలో ఇప్పుడు ఎవరూ మిద్దె కొట్టడం లేదు. అంచనాల్లో ఎవరూ పాటకు కూలి రాయడం లేదు.